రాయగడ నుంచి బరంపురం: అల్ట్రాలైట్‌లో దూరం వెళ్లాలంటే ఏది తీసుకోవాలి?

అల్ట్రాలైట్, అంటే ఒకరిద్దరు ఎగిరే బాగా తేలికైన చిన్న విమానం, కొందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది వేగం గురించి, తర్వాత ధర గురించి. నేను మాత్రం ముందు గడియారం చూడమంటాను. దక్షిణ ఒడిశాలో మా రాయగడ, కొరాపుట్, జయపురం వైపు డిసెంబరు, జనవరిలో లోయలన్నీ పొగమంచుతో నిండి ఉంటాయి. ఎనిమిదిన్నరకు, ఒక్కోరోజు తొమ్మిదికి గానీ ఎదుటి కొండ కనబడదు. కళ్లతో చూసుకుంటూ ఎగిరే విఎఫ్ఆర్ పద్ధతిలో కనీసం 5 కిలోమీటర్ల దూరం కనబడాలి. మబ్బుకు పక్కగా కిలోమీటరున్నర, పైకీ కిందికీ 1,000 అడుగుల ఎడం ఉండాలి. సరే, మంచు విడిపోయింది, లేచాం. పదకొండున్నర దాటేసరికి కొండల ఎండ వైపు వేడెక్కి గాలి పైకి తన్నడం మొదలవుతుంది. మధ్యాహ్నానికి ఇంత తేలిక విమానంలో కూర్చోవడమంటే గతుకుల రోడ్డు మీద ఖాళీ ట్రాక్టరు ట్రాలీలో కూర్చున్నట్టే.

అంటే చేతిలో ఉన్నది మూడు గంటలు. సాయంత్రం మూడున్నర తర్వాత గాలి మళ్లీ నెమ్మదిస్తుంది గానీ, డిసెంబరులో అయిదుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. ఆ తర్వాత విఎఫ్ఆర్ లేదు. సాయంత్రం గంటన్నర ఊరి చుట్టూ తిరగడానికి బాగుంటుంది, దూర ప్రయాణానికి చాలదు. కాబట్టి ఈ పోలికంతా పొద్దుటి మూడు గంటల చుట్టూనే తిరుగుతుంది.

యూట్యూబ్ చూసి వచ్చేవాళ్లకు ముందే ఒక మాట. అమెరికావాళ్లు అల్ట్రాలైట్ అనేది వేరు. అక్కడ ఆ పేరుతో ఎగిరేది ఒకే సీటుది, ఖాళీ బరువు 115 కిలోలు దాటకూడదు, పెట్రోలు 19 లీటర్లకు మించకూడదు. దానితో దూరం వెళ్లలేం. యూరప్‌లో ఆ పేరుతో తిరిగేవి రెండు సీట్లవి. అక్కడ చాలాకాలం మొత్తం బరువు 450 కిలోలు, విమానాన్నే దించే పారాచూట్ ఉంటే 472.5 కిలోలు పరిమితి. మన దగ్గర విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ కాగితాల్లో కనిపించే పేరు మైక్రోలైట్. నేను మాట్లాడేది ఈ రెండు సీట్ల బండ్ల గురించి. ఇక వీపుకు ఇంజను కట్టుకుని ఎగిరే పారామోటారు మామూలుగా గంటకు 50 కిలోమీటర్లకు అటూ ఇటూ పోతుంది. 20 కిలోమీటర్ల ఎదురుగాలి వస్తే అందులో దాదాపు సగం పోతుంది. సరదాకి మంచిదే, ఈ లెక్కలోకి రాదు.

మూడు రకాలు

మొదటిది ట్రైక్. పైన పెద్ద గుడ్డ రెక్క, కింద మూడు చక్రాల తొట్టి, వెనక ఇంజను. చేతిలో అడ్డబద్ద పట్టుకుని మన బరువును అటూ ఇటూ జరిపి నడుపుతారు. మామూలు విమానంలో ముక్కు పైకి లేవాలంటే కర్రను వెనక్కి లాగుతారు. దీంట్లో బద్దను ముందుకు నెడతారు. కుడికి తిరగాలంటే బద్దను ఎడమకు తోస్తారు. ఒకదానిమీద నేర్చుకున్నవాడు రెండోదానిలో నేరుగా ఎక్కితే, టెన్షన్ పడ్డ క్షణంలో చేతులు పాత అలవాటుకే పోతాయి. మీరు ఏది నేర్చుకున్నారన్నది కూడా ఎంపికలో ఒక భాగం అనేది అందుకే.

రెండోది మెల్లగా ఎగిరి పొట్టి స్థలంలో దిగే మూడు అక్షాల విమానం, అంటే మామూలు విమానంలా కర్ర, పెడళ్లతో నడిపేది. జెనెయిర్ సీహెచ్ 701 దీనికి మంచి ఉదాహరణ. ఎన్‌సీసీ పిల్లలను ఎక్కించింది ఇదే. బెంగళూరు రాజ్‌హంస వాళ్ల ఎక్స్-ఎయిర్‌నూ ఈ వరుసలోనే వేస్తాను. చూడ్డానికి అందం తక్కువ. మందమైన రెక్క, బయటికి కనబడే ఊతకర్రలు, గంటకు 120-130 కిలోమీటర్లు.

మూడోది కాంపోజిట్ విమానం, అంటే ఫైబర్‌ను రెజిన్‌తో అతికించి చేసినది. నున్నటి ఒళ్లు, సన్నటి రెక్క. పిపిస్ట్రెల్ వైరస్, ఫ్లైట్ డిజైన్ సీటీ లాంటివి. గంటకు 190-200 కిలోమీటర్లు సులువుగా పోతాయి. మన వైమానిక దళం, నేవీ, ఎన్‌సీసీల కోసం 2015లో 194 వైరస్ విమానాలకు ఒప్పందం కుదిరింది. వాటి పేరు గరుడ.

దూరం వెళ్లడం ఏదానితోనైనా సాధ్యమే. బ్రయన్ మిల్టన్ అనే ఆంగ్లేయుడు 1998లో ట్రైక్ మీద 120 రోజుల్లో భూమి చుట్టి వచ్చాడు. మన వైమానిక దళం అధికారులు ఇద్దరు, రాహుల్ మోంగా, అనిల్ కుమార్, 2007లో సీటీ మీద 79 రోజుల్లో చుట్టి వచ్చారు. ఆ నలభై రోజుల తేడా అంతా విమానానిదే అనుకోవద్దు. మిల్టన్‌ను అనుమతుల పేరుతో రష్యా ఆపేసింది. మనకు రష్యా అడ్డం రాదు గానీ, అనుమతుల కథ మనకూ ఉంది. దాని సంగతి చివర్లో.

ఒక ప్రయాణం, నాలుగు లెక్కలు

రాయగడ నుంచి బరంపురం పక్కనున్న రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్‌కు గీత గీస్తే దాదాపు 155 కిలోమీటర్లు. గీత మీద వెళ్తే గజపతి జిల్లా అడవులూ కొండలూ. దక్షిణంగా 1,501 మీటర్ల మహేంద్రగిరి. ఇంజను ఆగితే దిగడానికి చోటు వెతకడం కాదు, ఏ చెట్టు మెత్తగా ఉంటుందో చూసుకోవడమే. రెండో దారిలో గుణుపురం దాకా వెళ్లి, అక్కణ్నుంచి వంశధార లోయలో రైలు పట్టాలు పట్టుకుని పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి మీదుగా నౌపడ చేరాలి. తర్వాత హౌరా-చెన్నై మెయిన్ లైను వెంట పలాస, ఇచ్ఛాపురం, బరంపురం. ఇది సుమారు 220 కిలోమీటర్లు. నౌపడ-పర్లాకిమిడి లైను 1900లో మహారాజావారు వేయించిన చిన్న రైలు, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. కింద పట్టాలు, పక్కన రోడ్డు, చుట్టూ పొలాలు. జీపీఎస్ ఆగిపోయినా దారి తప్పరు. నేను రెండోదే వెళ్తాను, మీకూ అదే చెబుతాను. 65 కిలోమీటర్లు ఎక్కువైనా సరే.

ఇప్పుడు ఆ 220 కిలోమీటర్లకు లెక్క వేద్దాం. గాలి లేకపోతే 90 వేగంతో ట్రైక్‌కు 2 గంటల 27 నిమిషాలు, 125 వేగంతో సీహెచ్ 701 లాంటిదానికి గంటా 46 నిమిషాలు, 190 వేగంతో కాంపోజిట్‌కు గంటా 9 నిమిషాలు. అన్నీ మూడు గంటల్లో పడుతున్నాయి కదా అనిపిస్తుంది. 20 కిలోమీటర్ల ఎదురుగాలి పెట్టి చూడండి. కాంపోజిట్‌కు 8 నిమిషాలు పెరుగుతాయి. రెండో రకానికి 20 నిమిషాలు. ట్రైక్‌కు 42 నిమిషాలు పెరిగి మొత్తం 3 గంటల 9 నిమిషాలవుతుంది. తొమ్మిదికి లేచినవాడు పన్నెండు దాటాక, సముద్రపు గాలి అడ్డంగా మొదలయ్యే వేళకు, చేతులు పడిపోయి బరంపురం చేరతాడు. వేగం తక్కువైనదాన్ని గాలి ఎక్కువ శిక్షిస్తుంది. పుస్తకంలో చదివినప్పుడు ఇది బుర్రకెక్కదు, పలాస దగ్గర కింద లారీ మనల్ని దాటిపోతుంటే ఎక్కుతుంది.

పెట్రోలు కూడా అదే వేళకు లెక్కేద్దాం. ఎదురుగాలి ప్రయాణానికి తోడు 45 నిమిషాల రిజర్వు తప్పదు. రెండు స్ట్రోకుల రొటాక్స్ కంపెనీ 582 ఇంజను ఉన్న ట్రైక్ గంటకు 20 లీటర్లు తాగుతుందనుకుంటే 78 లీటర్లు కావాలి. అంత ట్యాంకు చాలా ట్రైక్‌లకు ఉండదు, పైగా యాభై పాళ్లకు ఒక పాలు ఆయిల్ కలుపుకోవాలి. అదే కంపెనీ నాలుగు స్ట్రోకుల 912 ఇంజను ఉన్న ట్రైక్ అయితే గంటకు 14 చొప్పున 55 లీటర్లు. సీహెచ్ 701 లాంటిది 912తో గంటకు 18 వేసుకున్నా 51. కాంపోజిట్ గంటకు 17 తాగినా మొత్తం 35 లీటర్లతో సరి. వేగంగా పోయేది ఎక్కువ తాగుతుందనుకుంటాం, కిలోమీటరుకు చూస్తే తిరగబడింది.

582 గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఊరి మీద అరగంట తిరగడానికి అది మంచి ఇంజను. 65 హార్స్‌పవర్, తేలిక, బాగుచేయడం సులువు. కానీ 300 గంటలకు ఓవర్‌హాల్. 912కు 2,000 గంటలు. కొండల మీదుగా దూరం వెళ్లేవాడు 582 వైపు చూడనక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని బావమరిది చెప్పినా సరే.

బంకు పెట్రోలు పేచీ

ఇది ఈమధ్య వచ్చిన తలనొప్పి, ట్రైకా కాంపోజిట్టా అన్న చర్చకంటే పెద్దది. 912 ఇంజన్లకు 10 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలును రొటాక్స్ ఒప్పుకుంటుంది. మన బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం కలిసినది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, కొన్ని ఫైబర్ ట్యాంకుల రెజిన్‌ను మెత్తబరుస్తుంది. కాంపోజిట్ కొనేవాళ్లు ట్యాంకు దేనితో చేశారో, ఇథనాల్‌కు తట్టుకుంటుందో అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. అల్యూమినియం ట్యాంకు ఉన్నవాటికి ఆ భయం తక్కువ.

పరీక్ష తేలిక. గీతలున్న గాజుగొట్టంలో 10 గీత దాకా నీళ్లు పోసి, పైన 100 గీత దాకా పెట్రోలు పోసి బాగా కుదిపి పక్కన పెట్టండి. అడుగున నీటి మట్టం 10 దాటి పెరిగితే ఇథనాల్ నీటిలోకి దిగినట్టు. ఎంత ఎక్కువ పెరిగితే అంత ఎక్కువ కలిసినట్టు. విమానాల పెట్రోలు ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ తెప్పించుకుంటే ఈ గొడవ ఉండదు. అందులో సీసం ఉంటుంది కాబట్టి 912లో ఆయిల్ త్వరత్వరగా మార్చాలి, అంతే. తెచ్చి దాచుకోవడం వేరే తంటా. లైసెన్సు లేకుండా ఒక మనిషి దగ్గర ఉండదగ్గ పెట్రోలు మొత్తం 30 లీటర్లే. 35 లీటర్ల ప్రయాణానికీ 55 లీటర్ల ప్రయాణానికీ తేడా ఇక్కడ మళ్లీ కనబడుతుంది.

నేను ఈ పాఠం మినప చేలో నేర్చుకున్నాను. మేం ముగ్గురం కలిసి కొన్న ట్రైక్ అది, 912దే. పాతపట్నం దాటాక ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. పెట్రోలు గొట్టం లోపల ఉబ్బి సగం మూసుకుపోయిందని తర్వాత తెలిసింది. గొట్టం మార్చాల్సిన తేదీ పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది, నేనే దాటేశాను. కోతలైపోయిన వరిమడిలో మినుములు చల్లి ఉన్నాయి. గాలికి ఎదురుగా దించాను. నూటయాభై అడుగులు బాగానే పరిగెత్తింది, తర్వాత గట్టు. ముందు చక్రం ఫోర్కు వంగిపోయింది. నాకేం కాలేదు. చేను గలావిడ నడుం మీద చెయ్యేసుకుని వచ్చి, "ఏటి బాబూ, ఇన్ని పొలాలుండగా మా మినుములే దొరికాయా?" అన్నారు. నష్టం కట్టిచ్చాను. ఆవిడే మాకు టీ పెట్టించారు. పోలీసులు వచ్చి కాగితాలన్నీ చూసి, ఒరిస్సావాళ్లు ఆంధ్రాలో దిగారేంటని ఒక గంట ఆలోచించారు. రెండు రాష్ట్రాలూ మావేననే కొటియా ఊళ్ల గొడవ ఎరిగినవాళ్లం, ఇవతల ఎవరిది అవతల ఎవరిది అన్న ప్రశ్న మాకు కొత్తేం కాదు.

అదే గట్టు సీహెచ్ 701కు వచ్చి ఉంటే ఇంకా ముందే ఆగేదని నా నమ్మకం. కాంపోజిట్ అయితే మొదటి గట్టు మీదే చక్రాలు వదిలేసేది. దిగే వేగం ఎక్కువ, చక్రాలు చిన్నవి, నున్నటి పట్టీ కావాలి. మన పొలాల్లో చదును ఎక్కువే, పొడుగు మాత్రం లేదు. ప్రతి ఎకరానికీ గట్టు ఉంటుంది. చెరకు, నీలగిరి తోటల్లో దిగే ఆలోచనే వద్దు. వేసవిలో నాగావళి ఇసుక తిన్నెలు పైనుంచి రన్‌వేలా ఊరిస్తాయి, దిగితే ముందు చక్రం కూరుకుని పల్టీ కొడుతుంది. మాచ్‌ఖండ్, బలిమెల, అప్పర్ కొలాబ్ నుంచి వచ్చే పెద్ద కరెంటు లైన్లు లోయలకు అడ్డంగా వేలాడుతుంటాయి. తీగ కనబడదు, టవర్లను వెతుక్కోండి.

జయపురం ఎత్తు, గోడౌను ఎలుకలు

జయపురం ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి సుమారు 1,950 అడుగుల ఎత్తున ఉంది. ఏప్రిల్లో 38 డిగ్రీల ఎండలో అక్కడి గాలి దాదాపు 5,200 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది. టర్బో లేని ఇంజను వెయ్యి అడుగులకు మూడు శాతం చొప్పున బలం పోగొట్టుకుంటుంది. అంటే 100 హార్స్‌పవర్‌లో పదిహేను మాయం. 80 హార్స్‌పవర్ 912తో ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకు, ఎండ అంటే రన్‌వే పొడుగు సరిపోయినా అవతల కొండ దాటే ఎక్కుడు రాదు. కొరాపుట్ వైపు ఉండేవాళ్లు 100 హార్స్‌పవర్‌దే తీసుకోండి. రాష్ట్రంలోకెల్లా ఎత్తైన దేవమాలి, 1,672 మీటర్లది, ఆ పక్కనే ఉంది. దాని గాలివాలు వైపుకు పోకండి. కొండ దిగే గాలి మీ ఎక్కుడును మింగేస్తుంది.

విమానం పెట్టుకునే చోటు విషయంలో మాత్రం ట్రైక్‌దే గెలుపు. రెక్క మడిచి పొడుగాటి సంచీలో పెట్టి, తొట్టిని ట్రాలీ ఎక్కించి ఏ షెడ్డులోనైనా తోసెయ్యొచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ ఎగిరేది లేదు, అక్టోబరులో తుపాన్ల భయం. అన్నాళ్లు మిగతా రెంటికీ కప్పున్న హ్యాంగర్ కావాలి, అది దొరకడమే కష్టం. మాది రైసుమిల్లు గోడౌనులో ఉంచేవాళ్లం. ఎలుకలు సీటు స్పాంజి తిన్నాయి, గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి. గుడ్డ రెక్క ఎండకు పాడవుతుంది కాబట్టి ఎక్స్-ఎయిర్ లాంటి గుడ్డ చుట్టినవాటికీ నీడ తప్పనిసరి. రేకు ఒళ్లున్నది ఆరుబయట కొన్నాళ్లు ఓర్చుకుంటుంది.

చలి సంగతి ఎవరూ ముందు చెప్పరు. కొరాపుట్‌లో డిసెంబరు పొద్దున 8 డిగ్రీలుంటే, 3,000 అడుగులు పైకెళ్తే మరో ఆరు డిగ్రీలు పోతాయి. దానికి తోడు తెరిచి ఉన్న తొట్టిలో 90 కిలోమీటర్ల గాలి. మ్యాప్ మడత మార్చడానికి గ్లవ్స్ తీసినవాడు వేళ్లను గంటసేపు వెతుక్కుంటాడు.

నేనైతే

రాయగడ, గుణుపురం, కొరాపుట్ వైపు ఉండి, కొండలు దాటి దూరం వెళ్లాలనుకునేవాళ్లకు నా ఓటు రెండో రకానికి, 100 హార్స్‌పవర్ 912తో. మూడు గంటల్లో 220 కిలోమీటర్లు గాలి ఉన్నా పోతుంది. చెడ్డ రోజు వస్తే చిన్న పొలంలో ఆగుతుంది. గెలిచేది అందంలో కాదు, ఓర్పులో. అడవి మీదుగా తరచు పోయేవాళ్లు పారాచూట్ బరువును లగేజీ తగ్గించి అయినా మోయండి.

బరంపురం, ఛత్రపురం వైపు తీరం వెంట ఉండేవాళ్లకు కాంపోజిట్ బాగా నప్పుతుంది. నేల చదును, ఎయిర్‌స్ట్రిప్ దగ్గర, వెళ్లే దూరాలు పెద్దవి. జయపురం నుంచి భువనేశ్వర్ నేరుగా 375 కిలోమీటర్లు, దాన్ని ఒక్క పొద్దుటిపూట దాటగలిగేది అదొక్కటే. ట్రైక్ మీద ప్రేమ ఉన్నవాళ్లు తీసుకోండి, నేను ఇప్పటికీ అమ్మలేదు. రాయగడ నుంచి జయపురం 95 కిలోమీటర్లు, జయపురం నుంచి మల్కన్‌గిరి 90. రోజుకు ఒక అంగ చొప్పున, రాత్రి ఆగుతూ వెళ్తే దానంత బాగా కొండలు చూపించేది ఇంకోటి లేదు.

కాగితాలు ఏ రకానికైనా ఒకటే. డీజీసీఏ రిజిస్ట్రేషన్, మీ లైసెన్సు, మెడికల్. ప్రతి ప్రయాణానికీ ఫ్లైట్ ప్లాను, ఎయిర్ డిఫెన్స్ వారి ఏడీసీ నంబరు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చే ఎఫ్ఐసీ నంబరు. విశాఖ నేవీ ఎయిర్‌ఫీల్డు, సరదాగా అటు తిప్పుదామనుకోవద్దు. బరంపురం దగ్గరి గోపాలపురంలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, కాల్పుల రోజుల్లో సముద్రం వైపు ఆకాశం మూసేస్తారు. కాబట్టి బరంపురం వెళ్లేముందు నోటమ్, అంటే పైలట్లకు ఇచ్చే హెచ్చరిక ప్రకటన, చదవండి. మల్కన్‌గిరి వైపు వెళ్తుంటే దారిలో ఉన్న పోలీస్ స్టేషన్లకు ముందు కబురు పెట్టడం రూలు కాకపోయినా మర్యాద, మీకు మంచిది కూడా. కంపెనీల ఎయిర్‌స్ట్రిప్‌లు వాడాలంటే యజమానుల అనుమతి రాతలో ఉండాలి. ఫోన్‌లో "రండి రండి" అన్నది చాలదు.

కొనేముందు ఒక పని చేయండి. జనవరిలో ఒక ఆదివారం గుణుపురంలో నౌపడ వైపు వెళ్లే రైలెక్కి, కిటికీ పక్కన కూర్చోండి. ఏ స్టేషను పక్కన పొడుగాటి మడి ఉంది, ఎక్కడ తీగలున్నాయి, ఏ ఊళ్లో మినుములు చల్లారు, అన్నీ నోటుబుక్కులో రాసుకోండి. పాతపట్నం దాటాక ఎడమ చేతివైపు ఒక గట్టు కొత్తగా కట్టి ఉంటుంది. అది మాదే.